ఆఖరి అంతస్తు పైన అడుగులు

"వాన వెలిశాక గొడుగేసుకొచ్చావు మరదలా! దొంగ దొరికింది. కాఫీ తాగేసి వెళ్లు."

"గొడుగు ఎండకీ పనికొస్తుంది బావగారూ. కాఫీ తర్వాత తాగుతాను, ముందు ఆ దొంగని చూపించండి."

హోటల్ సెక్యూరిటీ ఆఫీసరు మీసం సవరించుకున్నాడు. పోలీసు ఉద్యోగం నుంచి ఆయన రిటైరై చాలాకాలమైనా మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆయన ఆరాకు స్వయానా అక్క భర్త. ఆరా అసలు పేరు ఇంట్లో వాళ్లకే గుర్తుండాలి. ఎవరి గుట్టయినా ఇట్టే ఆరా తీసే ప్రైవేటు డిటెక్టివ్‌ కనుక అందరి నోటా ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో భోజనాల దగ్గర బావామరదళ్లకు నవ్వులాటే నవ్వులాట. పని దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ.

పొద్దున్నే హోటల్ మేనేజరు ఫోన్ చేసి చెప్పింది తక్కువే. పాత అతిథి ఒకాయన మీద నిన్న సాయంత్రం గదిలోనే దాడి జరిగింది. సెక్యూరిటీ ఆఫీసరు ఆ పని గదుల పిన్నిదే అని తేల్చేశాడు. మధ్యాహ్నం ఆమెను పోలీసులకు అప్పజెబుతాడట. "సాక్ష్యాలన్నీ ఆవిడ మీదే ఉన్నాయి మేడమ్. నాకే మనసొప్పడం లేదు," అన్నాడు మేనేజరు. మనసొప్పకపోవడం సాక్ష్యం కాదు గానీ, ఆరాను ఇంట్లోంచి కదిలించడానికి అది చాలు.

సెక్యూరిటీ గదిలో ఒక స్టూలు మీద గదుల పిన్ని కూర్చుని ఉంది. ఆమె హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. పక్కలు వేసే అమ్మాయిలందరికీ పిన్ని, కాబట్టి హోటల్‌కే పిన్ని అయిపోయింది. యాభై దాటిన మనిషి. చీర మీద వేసుకున్న నీలం యూనిఫాం చొక్కా మడత నలగలేదు. కళ్లు మాత్రం రాత్రంతా నిద్రపోనట్టు ఉబ్బి ఉన్నాయి. ఆమె ముందు బల్ల మీద రెండు వస్తువులు ఉన్నాయి: ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక చెక్కముక్క.

"చూడు," అన్నాడు బావ, పాఠం చెప్పే మాస్టారిలా. "ఈ చెక్కముక్క పెట్టి తలుపు మూసుకోకుండా ఆపింది. ఈ స్క్రూడ్రైవరు ఆమె జేబులో దొరికింది. నీలం చొక్కా వేసుకున్న మనిషెవరో తోశారని పెద్దాయనే చెప్పాడు. ఈ హోటల్లో నీలం వేసుకునేది హౌస్‌కీపింగ్ వాళ్లే. ఆ వేళ ఆ అంతస్తులో డ్యూటీలో ఉంది ఈవిడొక్కతే. ఇంకేం కావాలి?"

"పోయిందేంటి?"

"కళ్లజోడు పెట్టె. లోపల పెద్దాయన భార్య కళ్లజోడు. ఆవిడ పోయి రెండేళ్లయింది."

"పక్కన ఆయన పర్సు ఉందా?"

"ఉంది."

"అది పోలేదా?"

"పోలేదు," అని ఒప్పుకోవడానికి బావ మీసం కాస్త వంగింది.

"భలే దొంగ బావగారూ. పర్సు వదిలేసి, చచ్చిపోయిన ఆవిడ కళ్లజోడు ఎత్తుకెళ్లింది. పెట్టుకుని ఏం చూద్దామనో!"

ఆరా స్టూలు దగ్గరకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పిన్నిగారూ, నిన్న సాయంత్రం ఏం జరిగిందో మీరే చెప్పండి."

"పెద్దాయన ఏడింటికి భోజనానికి కిందికెళ్లారమ్మా. పక్క సర్దాను. ఏడున్నరకి తలుపు కింద చెక్క పెట్టి, కారిడార్ చివర గదివాళ్లు తువ్వాళ్లు అడిగితే ఇవ్వడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నారు. నుదుటి మీద రక్తం. గది చీకటి."

"చెక్క ఎందుకు పెట్టారు?"

పిన్ని తల దించుకుంది.

"స్క్రూడ్రైవరు ఎందుకు?"

పిన్ని కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"చూశావా?" అన్నాడు బావ. "రాత్రి నుంచీ ఇదే వరస. ఈ రెండు ప్రశ్నలు అడిగితే చాలు, నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చుంటుంది. తప్పు చెయ్యని మనిషికి నోరెందుకు పెగలదు?"

"ఉద్యోగం పోతుందమ్మా పిన్నిగారూ. జైలు కూడా," అంది ఆరా మెల్లగా.

"పోనివ్వండమ్మా." పిన్ని గొంతులో మొండితనం లేదు, మొరాయింపు లేదు. "ఆయన్ని మాత్రం ఎక్కువ అడక్కండి. పెద్దాయన. దెబ్బ తగిలిన మనిషి."

తన మెడకు ఉరి బిగుస్తుంటే ఎదుటివాడి నుదుటి గాయం గురించి బెంగపెట్టుకునే దొంగను ఆరా ఇంతవరకూ చూడలేదు. ఆమె లేచింది.

"గది చూద్దాం పదండి బావగారూ. పిన్నిగారిని కూడా తీసుకురండి."

"ఆవిడెందుకు?"

"ఇల్లు చూపించడానికి ఇల్లాలు ఉండాలిగా."

నాలుగో అంతస్తులో, కారిడార్ చివరి మలుపులో ఉంది 408వ నంబరు గది. ఆరా లోపలికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే ఆగింది. తలుపు మీది ఇత్తడి నంబరు పలకను రెండు స్క్రూలు పట్టి ఉంచాయి. పక్క గదుల పలకలకు స్క్రూ తలల మీద పాత మురికి పేరుకుని ఉంది. దీని స్క్రూ తలల మీద మాత్రం కొత్త గీతలు. ఒక స్క్రూ పూర్తిగా బిగియలేదు. గోటితో తిప్పితే తిరిగింది.

పిన్ని చప్పున మొహం తిప్పుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది ఆ తిప్పుకోవడం. ఆరా అది గమనించింది.

"ఇక్కడ కెమెరా లేదా?"

"లిఫ్టుల్లో ఉన్నాయి. కారిడార్లలో పెడితే అతిథులకు చిరాకని యజమాని వద్దన్నాడు. ఆ మూల మెట్లున్నాయి, కింద కార్ల పార్కింగు నుంచి పైదాకా. అక్కడా లేదు."

"అంటే మెట్ల మీంచి ఎవడైనా రావచ్చు."

"రావచ్చు. నీలం చొక్కా వేసుకుని రావాలి," అన్నాడు బావ కసిగా.

గది లోపల పెద్దాయన మంచం మీద దిళ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటికి తెల్లటి కట్టు. కళ్లజోళ్ల అద్దాల టోకు వ్యాపారి. ఏడాదికి రెండుసార్లు ఫ్యాక్టరీవాళ్ల దగ్గర సరుకు ఖాయం చేసుకోవడానికి వచ్చి, ఎప్పుడొచ్చినా ఈ హోటల్లోనే, ఒకే గదిలో దిగుతాడు. మునుపు భార్యాభర్తలిద్దరూ వచ్చేవాళ్లు. ఆవిడ ప్రతి అద్దాన్నీ కిటికీ వెలుగులో పట్టి చూసి గీత ఉంటే పక్కన పడేసేదట, ఈయన బేరమాడేవాడట. ఇప్పుడు ఒక్కడే వస్తున్నాడు. దారిలో బావ చెప్పిన సంగతులివి.

"ఎవరమ్మా? కొత్త గొంతు," అన్నాడాయన నవ్వుతూ.

"నన్ను ఆరా అంటారండీ. దెబ్బ నొప్పిగా ఉందా?"

"నుదురు గట్టిదమ్మా. బల్లకే తగిలింది దెబ్బ. కూర్చోండి."

ఆరా కూర్చోలేదు. గదంతా నింపాదిగా తిరిగింది. మంచం రెండు వైపులా దుప్పటి మడత విప్పి సిద్ధంగా ఉంది. ఒక వైపు మాత్రమే ఎవరో పడుకున్న గుర్తులున్నాయి. మంచం కింద రెండు జతల చెప్పులు, ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. ఆడవాళ్ల జత కొత్తగా, అడుగు మోపనట్టుగా ఉంది. ఒక్క మనిషి ఉండే గదిలో ఇద్దరికి పక్క వేసిందెవరో ఆరా అడగలేదు. ఆ జోడు చెప్పుల్ని సరిగ్గా కాలు దించితే అందేచోట పెట్టిన చేతులు ఎవరివో గుమ్మం దగ్గర కొంగుతో కళ్లు వత్తుకుంటున్న మనిషిని చూస్తే తెలుస్తూనే ఉంది.

తివాచీ మీద మరో చిత్రం. మంచం కోళ్ల దగ్గర కాదు, వాటికి జానెడు అవతల నాలుగు లోతైన గుంటలు. ఎన్నాళ్లో అక్కడున్న మంచాన్ని ఈమధ్యే జరిపారు. రాతబల్లకూ అంతే, కుర్చీకీ అంతే. గదిలో ప్రతి సామానూ కొత్త చోట ఉంది.

"ఇది మీ పాత గదేనా అండీ?"

"ఆఁ. 508. పాతికేళ్లుగా ఇదే."

"చూశావా?" అన్నాడు బావ ఆరా చెవిలో, గొంతు బాగా తగ్గించి. "రాత్రి నుంచీ 508 అనే అంటున్నాడు. దెబ్బకి మతి చెదిరింది. నువ్వు ఆ నంబరు పట్టుకుని సాగదీయకు."

మామూలుగా ఏ మాటనైనా హాలంతా వినబడేలా చెప్పే బావ ఈ నంబరు దగ్గర గొంతు తగ్గించాడు. ఆరా దాన్ని మనసులో ఒక మూల దాచుకుంది.

"రాత్రి నిద్ర పట్టిందా పెద్దాయనా?"

"ఎక్కడమ్మా! పైవాళ్లు తెల్లారేదాకా అటూ ఇటూ నడుస్తూనే..." అని ఆయన ఠక్కున ఆగి దగ్గాడు. "అంటే... పైన డాబా మీద ఏదో రిపేరంటగా."

అయిదో అంతస్తే ఈ హోటల్‌కు ఆఖరిది. 508 పైన ఆకాశం తప్ప ఏమీ ఉండకూడదు. ఆకాశంలో రాత్రంతా నడిచేదెవరు? పెద్దాయన నోరు జారాడు, జారానని ఆయనకూ తెలిసింది. ఆరా ఒక్క అడుగు కూడా తొందరపడలేదు.

"నిన్న ఎలా జరిగిందండీ?"

"భోజనం చేసి వచ్చాను. లోపలికి రాగానే వెనకాల ఎవరో వచ్చారు. నీలం చొక్కా. తోసేశారు. పడ్డాను."

"లైటు వేశారా?"

"వెయ్యకపోతే చొక్కా రంగెలా తెలుస్తుందమ్మా?"

"అదే నేనూ అనుకున్నాను," అంది ఆరా. తలుపు పక్కన గోడకు చిన్న పెట్టె ఉంది. గది తాళంకార్డు అందులో దూరిస్తేనే లైట్లు వెలుగుతాయి. "మీ కార్డు ఎక్కడుంది?"

"కోటు జేబులో. నిన్నట్నుంచీ అక్కడే."

జేబులోని కార్డుతో గోడమీద లైటు వెలగదు. పిన్ని వచ్చేసరికి గది చీకటిగా ఉందన్న మాట నిజమే. మరి చీకట్లో ఈ పెద్దమనిషికి నీలం ఎలా కనబడింది? చీకట్లోకి నడిచొచ్చి లైటు కోసం తడుముకోకుండా నేరుగా మంచం దాకా ఎలా వెళ్లాడు?

ఆరా మంచం పక్కకు వచ్చి నిలబడింది. పిన్నిని చేయి పట్టుకుని పక్కకు తెచ్చుకుంది. పెద్దాయన కళ్లు వాళ్ల వైపే ఉన్నాయి, కాస్త పైగా.

"పెద్దాయనా, ఒక్క చిన్న ప్రశ్న. మన పిన్నిగారు ఎదురుగానే ఉన్నారు. ఆవిడ వేసుకున్న యూనిఫాం ఏ రంగు?"

"ఇదేం ప్రశ్నమ్మా! చెల్లెమ్మది ఎప్పుడూ ఆకుపచ్చేగా."

నీలం చొక్కాలో ఉన్న పిన్ని కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. పోయిన ఏడాదే హోటల్‌వాళ్లు యూనిఫాం మార్చారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూసి తెలుసుకోగలడని అందరూ అనుకున్నారు కాబోలు.

బావ ఏదో అనబోయాడు. ఆరా ఆయన మోచెయ్యి పట్టుకుని కారిడార్‌లోకి లాక్కుపోయింది.

"ఏంటి నీ గోల? ఆకుపచ్చో పసుపుపచ్చో, ముసలాయన పొరపాటు పడ్డాడు."

"పొరపాటు కాదు బావగారూ." అని ఆరా ఆగింది. ముసుగులు లాగడమే ఆమె వృత్తి. కానీ కొన్ని ముసుగుల వెనక దొంగ ఉండడు, అభిమానం ఉంటుంది. దాన్ని లాగాలంటే చెయ్యి రాలేదు. "ముందు మీరొకటి చెప్పండి. పైన 508లో ఎవరున్నారు?"

మీసం బిగుసుకుంది. "ఎవరో అతిథి."

"రాత్రంతా నిద్రపోకుండా నడిచే అతిథి. ఆ నంబరు వింటే మీరు గొంతు తగ్గించే అతిథి."

"ఆరా, ఇది నీకు సంబంధంలేని విషయం."

"పేరు పెట్టి పిలిచారంటే కోపమొచ్చిందన్నమాట. ఈ కేసు మధ్యాహ్నంలోగా మూసెయ్యాలని మీకెందుకంత తొందర? పోలీసులు అయిదో అంతస్తు దాకా రాకూడదనేగా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పైన ఎవరినో దాచుకుని కింద ఈ అమాయకురాలిని బలిపెడతారా?"

"నోరు జాగ్రత్త! నేను దాచింది దొంగసరుకు కాదు. ఒక ఆడపిల్ల ప్రాణం."

అనేశాక ఆయనే నాలిక కరుచుకున్నాడు. తర్వాత గోడకు ఆనుకుని, బరువు దించుకున్నవాడిలా మెల్లగా చెప్పాడు. ఒక మందుల గోడౌన్‌లో పనిచేసే అమ్మాయి. గడువు దాటిన మందుల మీద తేదీలు మార్చి అమ్మమని యజమాని చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసింది. రేపు కోర్టులో సాక్ష్యం. అందాకా ఆమెను వేరే పేరుతో 508లో ఉంచి కాపాడే పని బావది. ఆ పిల్ల గది మారనని మొండికేసింది. మూలగదైతే రెండు వైపులా కిటికీలుంటాయి, ఎవరొచ్చినా కనబడతారని ఆమె ధైర్యం.

"మన చిన్నదాని వయసేనే ఆ పిల్లకి," అన్నాడు, తన కూతురిని తలుచుకుని.

ఆరా కోపం సగం దిగిపోయింది. "ముందే చెబితే ఇంత దూరం వచ్చేదా బావగారూ? లోపలికి రండి. పిన్నిగారి నోరు ఎందుకు పెగల్లేదో ఇప్పుడు నాకు తెలుసు."

వాళ్లు లోపలికి వచ్చేసరికి పిన్ని పెద్దాయన మంచం పక్క నేలమీద కూర్చుని ఉంది. ఆయన చెయ్యి ఆమె తల మీద ఉంది.

"తల్లీ," అన్నాడాయన ఆరా అడుగుల వైపు తల తిప్పి. "ఇక్కడి యూనిఫాం నీలమా ఇప్పుడు? ఈవిడ ఇప్పుడే చెప్పింది."

"అవునండీ."

"అయ్యో రామా." ఆయన కళ్లు నిండాయి. "నేను నీలం ఎందుకన్నానో తెలుసా? ఈ హోటల్లో ఎవరూ నీలం వేసుకోరని. ఏదో ఒక రంగు చెప్పాలి, ఎవరికీ తగలకూడదు. చూసి చూసి ఆ రాయి చెల్లెమ్మ నెత్తినే వేశాను." ఆయన కట్టు మీద చెయ్యి వేసుకుని, బావ ఉన్న వైపుకి మాట విసిరాడు. "ఆఫీసరుగారూ, రాసుకోండి. నాకు కళ్లు కనబడవు. ఏడాదిగా వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. కంటి నరం ఎండిపోయిందన్నారు. ఊరందరికీ చూపు అమ్మేవాడికి చూపు పోయిందంటే నవ్వరూ? మా అమ్మాయికి తెలిస్తే ప్రయాణాలు మాన్పిస్తుంది. ప్రయాణం మానేస్తే ఈ గదికి రాలేను. ఈ గదికి రాకపోతే మా ఆవిడ పక్కన కూర్చున్నట్టు ఉండే చోటు నాకు ఇంకెక్కడుంది?"

బావ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

"తాళంకార్డు ఆయన తలుపులో పెట్టలేరు సార్," అంది పిన్ని, ఇన్నాళ్ల గుట్టు ఒక్కసారిగా విప్పుతూ. "కన్నం దొరక్క తడుముకుంటుంటే దారినపోయేవాళ్లు చూస్తారు. అందుకే ఆయనొచ్చే వేళకి చెక్కపెట్టి ఉంచుతాను. ఈసారి 508 ఖాళీ లేదన్నారు. ఆయనకి ఆ గది కొట్టినపిండి. గుమ్మం నుంచి మంచం, మంచం నుంచి కిటికీ, అన్నీ పాదాలకి తెలుసు. వేరే గదైతే అడుగడుక్కీ తగులుకుంటారు. ఇది సరిగ్గా దాని కిందదే, అదే కొలత. సామాన్లన్నీ పైగదిలో ఉన్నట్టే జరిపాను. తలుపు మీద నంబరు వేలితో తడిమి చూసుకుంటారని స్టోర్‌లో మిగిలిన 508 పలక తెచ్చి బిగించాను. నాలుగులో దించి అయిదో అంతస్తని చెప్పమని లిఫ్టు నడిపే ఆయన్ని కూడా బతిమాలుకున్నాను. రాత్రి ఆయన్ని అలా చూశాక భయమేసి పలక మార్చేశాను. తప్పే సార్. నాది తప్పే."

"నీ తప్పేం లేదు చెల్లెమ్మా. నాకు మొదటి రాత్రే తెలిసింది," అన్నాడు పెద్దాయన.

పిన్ని తల ఎత్తింది.

"పాతికేళ్లుగా వాన పడితే నా గదికి కప్పు మీద చినుకులు వినబడేవి. ఈసారి వాన పడింది, చినుకు లేదు. మనిషి నడక వినబడింది. ఇంత కష్టపడి సర్దావు, తెలిసిపోయిందంటే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

పిన్ని ఆయన మోకాలి మీద తలపెట్టి ఏడ్చేసింది. ఆయన్ను నొప్పించకూడదని ఆమె దాచింది, ఆమెను నొప్పించకూడదని ఆయన దాచాడు. ఇద్దరి ప్రేమా కలిసి ఒకళ్లను జైలు గుమ్మం దాకా తీసుకెళ్లింది. ఆరా కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. డిటెక్టివ్‌లు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు.

అయితే ఆమె బుర్ర మాత్రం ఏడవడం లేదు.

"బావగారూ, పార్కింగు నుంచి మెట్లెక్కుతూ వచ్చేవాడు అయిదో తలుపు లెక్కపెట్టుకుంటే ఏ అంతస్తుకి వస్తాడు?"

బావ వేళ్లు ముడిచాడు. "పార్కింగు పైన మొదటి తలుపు లాబీ. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు... నాలుగో అంతస్తుకి."

"వచ్చి మూలగది చూశాడు. తలుపు మీద 508 అని రాసి ఉంది. తలుపు కాస్త తెరిచే ఉంది. తనకోసమే తెరిచి పెట్టారనుకున్నాడు. చీకట్లో మంచం పక్క బల్లమీద చేతికి అందిన పెట్టెను ఫోననుకుని పట్టుకుపోయాడు. పర్సు వాడికి అక్కర్లేదు బావగారూ. వాడికి కావలసింది రికార్డున్న ఫోను."

బావ కప్పు వైపు చూశాడు. "అంటే వాడొచ్చింది ఆ పిల్ల కోసం."

"బయటికెళ్లి పెట్టె తెరిచి ఉంటాడు. లోపల ముసలమ్మ కళ్లజోడు. గది తప్పానని నిన్ననే తెలిసిపోయింది వాడికి." ఆరా మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "పెద్దాయనా, నిన్నట్నుంచీ అందరూ మిమ్మల్ని ఏం చూశారనే అడిగారు. నేను వేరేది అడుగుతాను. ఏం విన్నారు?"

ఆయన మొహం వెలిగింది. సరైన ప్రశ్న అడిగే మనిషి కోసం రాత్రంతా ఎదురు చూసినట్టున్నాడు.

"వాడు కోపంగా రాలేదమ్మా. అదే నాకు వింతగా అనిపించింది. చాలా ముద్దుగా పిలిచాడు. 'పిచ్చికా, నేనే' అన్నాడు. నేను ఎవరది అనగానే బెదిరి తోసేశాడు. ఎవరో సొంతపిల్లని పిలిచినట్టు పిలిచాడు."

బావ చేతిలోంచి టోపీ జారి కింద పడింది.

"ఏమైంది?" అంది ఆరా.

"ఆ మాట... పొద్దున్నే విన్నాను." ఆయన టోపీ కూడా తీసుకోలేదు. "ఆ పిల్ల అన్నయ్య వచ్చాడు. కోర్టుకెళ్లేముందు చెల్లెల్ని ఒక్కసారి చూస్తానని ఏడ్చాడు. నిన్న ఆ పిల్లే వాడికి ఫోన్ చేసి గది నంబరు చెప్పిందట. జేబులన్నీ వెతికాను, ఏమీ లేదు. లాబీ ఫోన్లోంచి నా ముందే మాట్లాడాడు. 'పిచ్చికా, నేనే. తలుపు తియ్యి,' అన్నాడు. వాడూ ఆ గోడౌన్‌లోనే పనిచేసేవాడు. మానేశానన్నాడు. నమ్మాను."

"ఎక్కడున్నాడిప్పుడు?"

"నేనే లిఫ్టు ఎక్కించి పైకి పంపాను. నువ్వు రావడానికి కాస్త ముందు."

కంచే చేను మేస్తే కావలివాడేం చేస్తాడు! ఆరా ఆ మాట పైకి అనలేదు. అనే వ్యవధి కూడా లేదు. బావ అప్పటికే గది ఫోను లాక్కుని 508 నొక్కాడు. ఫోను మోగుతూనే ఉంది. పైన కప్పు అవతల అదే గంట సన్నగా, ఒక్కొక్కటిగా వినబడుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆయన రిసీవరు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

ఆరా గుమ్మం దాటబోతుంటే పెద్దాయన చెయ్యి గాలిలోకి లేచింది. "ఆగు తల్లీ." ఆయన మొహం కప్పు వైపు ఎత్తి ఉంది. పిన్ని ఆయన రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రెండు రోజులుగా పైన ఒక్క ఆడపిల్ల అడుగులే వింటున్నాను. చెప్పుల్లేకుండా, మెత్తగా నడుస్తుంది. పొద్దున్నుంచి రెండో మనిషి అడుగులు కలిశాయి. నువ్వు ఈ గదిలోకి వచ్చినప్పుడు కూడా పైన ఇద్దరున్నారు."

"ఇప్పుడు?"

ఆయన తల పక్కకి వంచి విన్నాడు. చూపులేని ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు ఒక్కరివేనమ్మా. ఆ పిల్లవి కావు."